ఆమ్లనిరోధక మందులు – వృద్ధాప్యం

జఠరామ్లం అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు వాడే మందులు వృద్ధుల శరీరంలో ఎక్కువసేపు నిలుస్తాయి. జనం వీటిని ‘గ్యాస్ బిళ్లలు’ అంటారు.

కాలేయం: వీటిలో ఒకటైన ఓమెప్రజోల్‌ను ప్రధానంగా కాలేయంలోని సీవైపీ2సీ19 ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది. 40 మి.గ్రా. మోతాదులో యువకుల రక్తంలోకి 58 శాతం, వృద్ధుల రక్తంలోకి 76 శాతం చేరినట్టు తేలింది. వృద్ధులలో దీని అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) సుమారు ఒక గంట; యువకులలో అందులో సగం. అయినా వయసును బట్టి మాత్రమే మోతాదు తగ్గించనక్కర్లేదు.

మూత్రపిండాలు: వీటిలో మరొకటైన ఫామోటిడిన్ చాలావరకు మూత్రంలో పోతుంది. కిడ్నీల పనితీరు తగ్గితే మందు పేరుకుని మతిభ్రమ కలగవచ్చు. అందుకే మోతాదు తగ్గిస్తారు.

జాగ్రత్తలు: ఓమెప్రజోల్‌ను ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం లోపించవచ్చు, ఎముకలు విరిగే ముప్పు పెరగవచ్చు. గుండె జబ్బుకు వాడే క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని ఇది తగ్గిస్తుంది.