గోషామహల్ బారాదరి

గోషామహల్ మీదుగా బడికి నడిచొచ్చిన మా బ్యాచ్ వాళ్లకు ఆ పాత భవనం గుర్తుండే ఉంటుంది. దయ్యాలున్నాయని దాని ముందు పరిగెత్తేవాళ్లం. రామదాసును ఖైదు చేయించిన తానీషా కట్టించాడంటారు. ఆరో నిజాం కాలంలో అది ఫ్రీమేసన్ల లాడ్జీ అయింది.

దైవాన్ని నమ్మాలి, కులమతాలు చూడకూడదు, లోపల మతం, రాజకీయం మాట్లాడకూడదు. ఇవీ వాళ్ల నియమాలు. అమలు మాత్రం అంత సులువు కాలేదు. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు 1863లో చేరతానంటే హిందువని అడ్డుపడ్డారు. పలు దేవుళ్లను కొలిచేవాడు ఒక్క దైవాన్ని నమ్ముతాడా అని వాదన! ఆయన పట్టు వదల్లేదు, 1872లో చేరారు. 1961లో మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జీ ఏర్పడింది.

వాళ్ల చిహ్నం మూలమట్టం, కంపాసు. లెక్కల పీరియడ్‌లో రోజూ పట్టుకున్న కంపాసే! ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే అంత పరుగు తీసేవాళ్లం కాదేమో.