కాగితముల అడవిలో ఒక ఋతువు

జాతీయోద్యానము అనగానే మన మనస్సునకు తోచునవి కొండలు, అడవులు, జలపాతములు, స్వేచ్ఛగా తిరుగాడు మృగములు. అచ్చట సేవ చేయబూనినవారు బాటలు బాగుచేయుదురనియు, యాత్రికులకు దారి చూపుదురనియు, కార్చిచ్చుల జాడ కనిపెట్టుచుందురనియు ఊహింతుము. కాని అట్టి ఉద్యానమున మరియొక అడవి కూడ కలదు. అది కాగితముల అడవి. తేమకు, పురుగులకు, నిప్పునకు, అన్నిటికంటె మనుష్యుల మరుపునకు లోబడు అడవి. దానిని కాపాడుటకై జీతము కోరక ఒక ఋతుకాలము పనిచేయువారిని గూర్చియు, అట్టి పని వలన చరిత్రకు కలుగు మేలును గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింతును.

ఉదాహరణముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఎల్లోస్టోన్ ఉద్యానమును గైకొందము. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకముతో ఏర్పడిన ఈ ఉద్యానము ప్రపంచమున మొదటి జాతీయోద్యానమని సాధారణముగా పేర్కొనబడుచున్నది. దీని విస్తీర్ణము సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. అందు హెచ్చు భాగము వయోమింగ్ రాష్ట్రమునను, కొద్ది భాగము మోంటానా, ఐడాహో రాష్ట్రములందును ఉన్నది. ఉత్తర ద్వారము చెంత గార్డినర్ అను చిన్న ఊరు. 1903లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ శంకుస్థాపన చేసిన రాతి తోరణము అచ్చటనే నిలిచియున్నది. ఆ ఊరనే 2005లో ప్రారంభమైన ఒక భవనమున ఉద్యానపు గ్రంథములు, పాత దస్తరములు, ప్రదర్శనశాల వస్తువులు అన్నియు ఒకచోట చేరినవి. ఈ ఉద్యానమునకు తోడ్పడుటకై 1933లో ఏర్పడిన సంఘము తొలుత తన పేరులోనే గ్రంథాలయము, మ్యూజియము అను రెండు మాటలను నిలుపుకొనియుండెను. అడవిని చూడవచ్చినవారికి పుస్తకము కూడ కావలెనని ఆనాడే గ్రహించిన పెద్దలు కొందరుండిరన్నమాట.

అమెరికా ఉద్యానములందు స్వచ్ఛంద సేవకు ఒక క్రమము ఏర్పడినది ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున. వాసర్ కళాశాల విద్యార్థిని ఎలిజబెత్ కుష్మన్ 1955లో తన పట్టపు వ్యాసమున, విద్యార్థులు వేసవి సెలవులలో జాతీయోద్యానములకు సేవ చేయవచ్చునని ప్రతిపాదించెను. వ్యాసములు సాధారణముగ బీరువాలలో నిద్రించును. ఈ వ్యాసము నిద్రింపలేదు. 1957లో ఒలింపిక్, గ్రాండ్ టీటన్ అను రెండు ఉద్యానములందు ఆమె తలపెట్టిన పని మొదలైనది. పిమ్మట 1970లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టము చేసి, జాతీయోద్యానములందు స్వచ్ఛంద సేవను స్వీకరించుటకు ప్రభుత్వమునకు అధికార మిచ్చెను. సేవకునకు జీతము లేదు. కాని ప్రయాణము, వసతి, భోజనము మొదలగు ఖర్చుల నొసగవచ్చును. పనిలో గాయపడినచో ప్రభుత్వోద్యోగికి వలెనే పరిహారము లభించును.

గ్రంథాలయమున ఇట్టి సేవకుడు చేయు పని ఏమి? చూచుటకు అది ఘనమైనది కాదు. పాత కాగితపు కట్టలను విప్పవలెను. త్రుప్పుపట్టిన గుండుసూదులను, తీగలను కాగితము చిరుగకుండ తీసివేయవలెను. ఆమ్లము లేని అట్టలలో ఒక్కొక్క పత్రమును అమర్చి, దానిపై తేదీయు విషయమును పెన్సిలుతో వ్రాయవలెను. సిరా పొరపాటున ఒలికినచో చెరిగిపోదు గనుక అచ్చట కలమునకు ప్రవేశము లేదు. ఛాయాచిత్రములోని కొండ ఏదియో, గుఱ్ఱపుబండి ఏ బాటపై పోవుచున్నదో పోల్చి చూచి వివరము చేర్చవలెను. దూరదేశము నుండి ఉత్తరము వ్రాసి తమ తాతగారు ఈ ఉద్యానమున ఉద్యోగము చేసిరట, ఆధారము కలదా అని అడుగువారికి వెదకి బదులు చెప్పవలెను. ఋతువు ముగియునాటికి పది పెట్టెలు సర్దినచో గొప్ప. ఇంతటి చిన్న పనికి అంతటి విలువ ఎందుకని అడుగవచ్చును. దానికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

మొదట ఒక ప్రసిద్ధ కథ. 1870లో మోంటానా నుండి ఒక బృందము ఎల్లోస్టోన్ ప్రాంతమును చూడబోయెను. అందు హెన్రీ వాష్‌బర్న్, నథానియల్ లాంగ్‌ఫర్డ్, కార్నీలియస్ హెడ్జెస్ అను న్యాయవాది, గుస్తావస్ డోన్ అను సైనికాధికారి మొదలగువారుండిరి. సెప్టెంబరు 19వ తేదీ రాత్రి రెండు నదులు కలియుచోట నెగడు చుట్టు కూర్చుండి, ఈ అద్భుత ప్రదేశమును ఎవరెవరు ఎట్లు పంచుకొందమని కొందరు మాటలాడిరట. అప్పుడు హెడ్జెస్, ఇది ఏ ఒక్కరి సొత్తును కారాదు, జాతి కంతటికి ఉద్యానముగా నిలువవలెనని పలికెనట. దినచర్య రూపమున 1905లో ప్రకటించిన గ్రంథమున లాంగ్‌ఫర్డ్ ఈ వృత్తాంతమును వ్రాసెను. వినుటకు ఎంత మనోహరముగా నున్నది! లాభము నెంచిన మనుష్యులు నెగడు వెలుగున త్యాగబుద్ధి పొందుట! ఉద్యానశాఖ వారు ఈ కథను తమ వంశకీర్తి వలె చెప్పుకొనిరి. 1957 నుండి కొన్ని సంవత్సరములు ఆ నదీసంగమము చెంత దీనిని నాటకముగా కూడ ప్రదర్శించిరి.

1960 దశకమున ఉద్యాన చరిత్రకారుడుగా పనిచేసిన ఆబ్రీ హేన్స్ ఈ కథకు ఆధారమేమి అని పరిశీలించెను. ఆ యాత్ర నాటి దినచర్యలను, నివేదికలను, పత్రికా వ్యాసములను వరుసగా చదివెను. ఆ కాలమున వ్రాసిన వ్రాతలలో నెగడు చెంత జాతీయోద్యానపు ముచ్చట కానరాలేదు. 1871లో లాంగ్‌ఫర్డ్ తానే ప్రకటించిన వ్యాసములందును ఆ మాట లేదు. దానికి మారుగా మరియొక ఆధారము గట్టిగా నిలిచినది. 1871 అక్టోబరులో నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు ధనము సమకూర్చు జే కుక్ కార్యాలయము నుండి, భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ హేడెన్‌కు ఒక ఉత్తరము వచ్చెను. ఆ వేడినీటి ఊటల ప్రదేశమును కాంగ్రెసు శాశ్వతముగా ప్రజోద్యానము చేయవలెనని ఒక ప్రతినిధి సూచించుచున్నాడు, మీ నివేదికలో ఇట్లు సిఫారసు చేయుదురా అని ఆ ఉత్తరపు సారాంశము. ఉద్యానము జననమునకు త్యాగముతో పాటు రైలు టిక్కెట్ల వ్యాపారము కూడ కారణమన్నమాట.

ఈ నిజము శాఖలోని కొందరికి రుచింపలేదు. అయినను హేన్స్ తన పరిశోధనను 1974లోను, 1977లోను గ్రంథములుగా ప్రకటించెను. 2003లో పాల్ షలరీ, లీ విటిల్సీ అను చరిత్రకారులిరువురు ఈ కథ పుట్టుకను, పెరుగుదలను గూర్చి ప్రత్యేక గ్రంథమునే వ్రాసిరి. గ్రంథముపై చరిత్రకారుని పేరుండును. కట్టలు విప్పి తేదీలు సరిచూచినవాని పేరుండదు. కాని కట్ట విప్పనిచో ఆ గ్రంథము లేదు. రేడియో నిలయమున పనిచేయు మాబోటివారికి ఈ సంగతి మరింత బాగుగ తెలియును. మా మాట పలికిన మరుక్షణమున గాలిలో కలిసిపోవును. ప్రతి దాచియున్నచో మాత్రమే రేపటివారు దానిని నిలదీసి అడుగగలరు.

అవే పెట్టెలలో మరికొన్ని చేదు నిజములు కూడ ఉన్నవి. 1886 నుండి 1918 వరకు ఉద్యానమును కాపాడినది అమెరికా సైన్యము. ఆ సైనికులును, వారి తరువాత వచ్చిన అధికారులును వ్రాసిపెట్టిన లెక్కలను బట్టియే 1902లో బైసన్ అను అడవిదున్నలు ఉద్యానమున రెండు డజనుల వరకే మిగిలియుండెనని మనకు తెలియుచున్నది. అట్లే, 1914 నుండి 1926 వరకు కనీసము 136 తోడేళ్లను ఉద్యానములోనే చంపిరనియు తెలియుచున్నది. కాపలాదారులే వేటగాండ్రైరి! ఆనాడు అది తప్పని వారనుకొనలేదు. జింకలను రక్షించుచున్నామని భావించి నిజాయితీగా లెక్క వ్రాసిరి. 1995లో కెనడా నుండి తోడేళ్లను తెచ్చి మరల విడిచినప్పుడు, అవి ఒకప్పుడు ఇచ్చటివేయని చెప్పుటకు ఆ చేదు లెక్కలే సాక్ష్యమైనవి.

ప్రకృతిశాస్త్రమునకును ఈ వ్రాతలే దిక్కు. 1959 ఆగస్టు 17వ తేదీ రాత్రి ఉద్యానమునకు పడమటి దిక్కున గొప్ప భూకంపము వచ్చి 28 మంది మరణించిరి. మరునాటికి ఫైర్‌హోల్ నది తీరమున వందలకొలది ఊటలు ఆకాశమున కెగయసాగెను. వానిలో 160 ఊటలు పూర్వమెన్నడు నట్లు ఎగసినట్లు దాఖలా లేదని పరిశీలకులు తేల్చిరి. దాఖలా లేదని చెప్పవలెనన్నను, అంతకు ముందు ఏండ్ల తరబడి ఎవరో ఒకరు దాఖలా వ్రాసియుండవలెను గదా!

అట్లని కాగితమే సర్వస్వము కాదు. ఈ నేలపై మనుష్యులు 11,000 సంవత్సరములకు పైగా సంచరించిరి. షొషోనీ, బానక్, క్రో మొదలగు జాతులవారు ఇచ్చట వేటాడిరి, నివసించిరి. 1877లో నెజ్ పెర్స్ జాతివారు సైన్యము తరుముచుండగా ఈ ఉద్యానము గుండనే సాగిపోయిరి. వారి మాట దస్తరములందు తక్కువగ నున్నది. ఉన్నదియు హెచ్చుగా ఇతరుల చేతివ్రాతలోనిది. నెగడు కథ ఈ నేలను ఎవరును లేని అడవిగా చూపినది. పెట్టెను సర్దువాడు అందు ఉన్నదానితో పాటు లేనిదానిని కూడ గమనింపవలెను.

ఇక జీతము లేని సేవను గూర్చి ఒక మాట. ఈ ఉద్యానపు మొట్టమొదటి సూపరింటెండెంటు ఎవరో కాదు, ఆ లాంగ్‌ఫర్డే. 1872 నుండి 1877 వరకు ఆయనకు జీతము లేదు. ఉద్యానమునకు ఒక్క డాలరు కేటాయింపు లేదు. బ్రతుకుతెరువునకై వేరు ఉద్యోగము చేసికొనుచు ఆయన అచ్చటికి పోయినది బహు అరుదు. ఫలితము? వేటగాండ్రు మృగములను విచ్చలవిడిగా చంపిరి. యాత్రికులు ఊటల చుట్టునున్న రాతిపూతలను పగులగొట్టి జ్ఞాపకార్థము పట్టుకొనిపోయిరి. 1878లో గాని కాంగ్రెసు 10,000 డాలర్లు మంజూరు చేయలేదు. కాబట్టి సేవ గొప్పదే. కాని సేవను చూపి ప్రభుత్వము తన బాధ్యత నుండి తప్పుకొన్నచో రెండును చెడును. 1970 నాటి చట్టము కింద స్వచ్ఛంద సేవకుని చూపి ఏ ఉద్యోగిని తొలగింపరాదను నియమము కలదు. ఆ నియమమునందు లాంగ్‌ఫర్డ్ కాలపు గుణపాఠము కొంత దాగియున్నదని నా అభిప్రాయము. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు ఉన్నచోటనే స్వచ్ఛంద సేవకుని ఋతువు సార్థకమగును. దారి చూపువాడు లేనిచో సర్దినది మరల చిక్కుపడును.

ఈ సేవ తెలుగువారికి క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మన గ్రంథాలయోద్యమమున ఎందరో సాయంకాలములు దీపము వెలిగించి, జీతము లేకుండ పుస్తకములు పంచియిచ్చిరి. ఆ గ్రంథాలయముల పాత చిట్టాలు, సభల నివేదికలు, చందాదారుల పట్టికలు నేటికిని కొన్ని ఊళ్లలో అటకలపై నున్నవి. ఎల్లోస్టోన్ కథ మనకు దూరదేశపు వింతగా మిగిలిపోనక్కర లేదు. మీ ఊరి గ్రంథాలయమున అట్టి కట్ట ఒకటి కనబడినచో, అమ్మివేయుటకు ముందు గ్రంథపాలకుని అనుమతితో ఒక సెలవుకాలము దానికి కేటాయింపుడు. దుమ్ము దులిపి, తేదీలవారీగ పేర్చి, ఒక పట్టిక వ్రాసిపెట్టుడు. మీ ఊరిని గూర్చి అందరును నమ్ముచున్న కథ నిజమో కాదో తేల్చు పత్రము అందులోనే ఉండవచ్చును.