దక్షత, అనురాగం: అమెరికాలో ఇంటి శుశ్రూష చరిత్ర

1893 మార్చి. వాన కురుస్తున్న ఒక ఉదయం న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో, వలస వచ్చిన స్త్రీలకు ఒక యువ నర్సు పక్క ఎలా సర్దాలో నేర్పుతోంది. ఒక చిన్నపిల్ల వచ్చి, తన తల్లికి బాగాలేదు, రమ్మని అడిగింది. ఆ పిల్ల వెంట బురద వీధులు దాటి వెళ్ళిన నర్సుకు, కిక్కిరిసిన రెండు గదుల ఇంట్లో, ప్రసవం తరువాత రక్తస్రావంతో మురికి పక్కమీద పడివున్న తల్లి కనిపించింది. ఆ నర్సు లిలియన్ వాల్డ్. అప్పటికి ఆమె వైద్యవిద్య చదువుతోంది. ఆ అనుభవం తరువాత ఆ చదువు వదిలేసి, తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి అదే పేటలో కాపురం పెట్టి, రోగుల ఇళ్ళకే వెళ్ళి శుశ్రూష చేయడం మొదలుపెట్టింది. 1895లో ఆ పని హెన్రీ స్ట్రీట్‌లోని ఇంటికి మారి, హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్‌గా ప్రసిద్ధి పొందింది.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1859లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, మరణించిన తన భార్యకు సేవచేసిన నర్సు మేరీ రాబిన్సన్‌నే నియమించి పేదల ఇళ్ళకు పంపాడు. వాల్డ్ చేసిన పని దానికంటే విస్తృతమైనది. ఆమె నర్సులు పుండు కడిగి కట్టుకట్టారు, స్నానం చేయించారు, పసిబిడ్డకు పాలు ఎలా పట్టాలో చూపారు, ఇంటాయనకు పని దొరకని సంగతీ పట్టించుకున్నారు. ఏది వైద్యం, ఏది సేవ అన్న గీత వారికి లేదు.

చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి కావలసిన గుణాలూ నాలుగే: ఉపచారం తెలిసివుండటం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచి. ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉండాలన్నది ఆ భావన. వాల్డ్ నర్సులు ఆ వర్ణనకు చాలా దగ్గరివారు. తరువాతి నూరేళ్ళ అమెరికా చరిత్ర మాత్రం దక్షతను అనురాగం నుంచి విడదీసిన చరిత్ర. ఎందుకంటే మధ్యలో ఒక ప్రశ్న వచ్చిపడింది: డబ్బు ఎవరిస్తారు?

మొదటి పెద్ద జవాబు 1909లో వచ్చింది. వాల్డ్ ప్రోద్బలంతో మెట్రోపాలిటన్ లైఫ్ జీవితబీమా సంస్థ, వారంవారం కొద్దిపాటి సొమ్ము కట్టే శ్రామిక కుటుంబాలకు నర్సులను పంపడం ప్రారంభించింది. లెక్క సులభం: రోగి బతికితే బీమా సొమ్ము చెల్లించే రోజు వాయిదా పడుతుంది. అంటురోగాలతో జనం చనిపోతున్న కాలంలో కొద్దిరోజుల శుశ్రూష ఒక ప్రాణాన్ని నిలిపేది, లెక్క కుదిరేది. గుండెజబ్బు, పక్షవాతం వంటి దీర్ఘవ్యాధులు ముందుకు వచ్చాక రాకపోకలకు అంతులేకుండా పోయింది. ఈలోగా వైద్యానికి ఆస్పత్రి కేంద్రమైంది. 1953లో ఆ సేవ ఆగిపోయింది.

ఆస్పత్రి తానే ఇంటికి రావచ్చునన్న ప్రయోగం 1947లో న్యూయార్క్‌లోని మాంటిఫియోర్ ఆస్పత్రిలో జరిగింది. డాక్టర్ బ్లూస్టోన్ ఆధ్వర్యంలో వైద్యులు, నర్సులు, సామాజిక కార్యకర్తలు ఒక జట్టుగా దీర్ఘరోగుల ఇళ్ళకు వెళ్ళారు. 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో మెడికేర్ చట్టమైనప్పుడు, ఇంటి శుశ్రూషకు అందులో చోటు దక్కింది. అయితే దాన్ని ఆస్పత్రికి తోకగా చేర్చారు. ఆస్పత్రి బీమా కింద అది దక్కాలంటే ముందు మూడు రోజులైనా ఆస్పత్రిలో ఉండివుండాలి, ఆ తరువాత నూరు సందర్శనలు హద్దు. చట్టం చెల్లిస్తానన్నది నైపుణ్యంతో కూడిన శుశ్రూషకు. మిగిలినది ఇంటివారి పని. వాల్డ్ నర్సులకు తెలియని గీత ఇక్కడ పడింది.

ఆ గీత ఎప్పుడూ ఒకేచోట నిలవలేదు. 1980 నాటి చట్టం మూడు రోజుల నిబంధననూ నూరు సందర్శనల హద్దునూ తొలగించింది. 1983లో ఆస్పత్రులకు రోజుల లెక్కన కాక జబ్బును బట్టి స్థిరమొత్తం చెల్లించే పద్ధతి వచ్చింది. దానితో రోగులు ఇంకా పూర్తిగా కోలుకోకముందే ఇల్లు చేరసాగారు. ఇంటి శుశ్రూష ఖర్చు పెరిగింది. 1997లో కాంగ్రెస్ బిగించిన పరిమితులకు అనేక సంస్థలు మూతపడ్డాయి. 2000 అక్టోబరు నుంచి అరవై రోజులకు ఒక మొత్తం, 2020 జనవరి నుంచి ముప్పై రోజులకు ఒక మొత్తం చెల్లించే విధానం అమలైంది. నర్సు అయిదుసార్లు వచ్చినా ఎనిమిదిసార్లు వచ్చినా సంస్థకు అందేది సాధారణంగా ఒకటే కనుక, రాకపోకలు తగ్గించే మొగ్గు ఆ విధానంలోనే ఉంది. వారానికి మూడుసార్లు వచ్చే నర్సు హఠాత్తుగా ఒక్కసారే ఎందుకు వస్తోందో కొన్ని ఇళ్ళలో అంతుపట్టకపోవడానికి ఇదీ ఒక కారణం.

నేటి గీత ఇలా ఉంది. రోగి ఇల్లు కదలడం కష్టమైనవాడై ఉండాలి. వైద్యం కోసమో, ఎప్పుడైనా గుడికో వెళ్ళివచ్చినంత మాత్రాన ఆ అర్హత పోదు. నర్సు లేదా ఫిజియోథెరపిస్టు, లేదా మాట, మింగుడు కష్టాలకు చికిత్సచేసే నిపుణుల అవసరం ఉందని వైద్యుడు ధ్రువీకరించాలి. 2020 నుంచి నర్స్ ప్రాక్టీషనర్లూ ఆ పని చేయవచ్చు. అరవై రోజులకొకసారి ఆ ప్రణాళికను సమీక్షిస్తారు. పుండు చూడటం, సూదిమందులు, కెథటర్ మార్చడం, ఆ పనులు ఇంటివారికి నేర్పడం కూడా నైపుణ్యం కిందకే వస్తాయి. వీటితోపాటు స్నానం చేయించే సహాయకురాలు కొద్దిసేపు రావచ్చు. ఆ సహాయం ఒక్కటే కావాలంటే మెడికేర్ ఇవ్వదు. వంట, ఇరవైనాలుగు గంటల కాపలా అసలే ఇవ్వదు.

తెలుగు కుటుంబాలు తరచు పొరబడేది ఇక్కడే. పక్షవాతం వచ్చిన అత్తగారిని ఇంటికి పంపుతూ, నర్సు ఇంటికే వస్తుందని ఆస్పత్రిలో చెబితే, పగలంతా ఒకరు తోడుంటారనుకుని కొడుకూ కోడలూ ఉద్యోగాలకు సెలవు పెట్టరు. వచ్చే నర్సు ఉండేది కాసేపు. తక్కిన రోజంతా ఇంటివారిదే. తెలుగులో ఇంటివైద్యం అంటే చిట్కావైద్యమే తప్ప ఈ ఏర్పాటుకు స్థిరపడిన పేరే లేకపోవడం కూడా ఆ అపోహకు దోహదం చేస్తుంది.

దీనికి ఎదురుగా మరొక అపోహ ఉంది: రోగి మెరుగుపడటం లేదు కనుక సేవలు ఆగిపోవలసిందే అన్నది. ఏళ్ళ తరబడి చాలామందికి ఆ మాట చెప్పే సేవలు నిలిపివేశారు. జిమ్మో వర్సెస్ సెబీలియస్ దావాలో 2013 జనవరిలో కోర్టు ఆమోదించిన ఒప్పందం దాన్ని సరిదిద్దింది. ఉన్న స్థితిని నిలుపుకోవడానికో, క్షీణతను నెమ్మదింపజేయడానికో నిపుణుల చేయి అవసరమైతే మెడికేర్ చెల్లించాలి. మెరుగుదల అన్నది షరతు కాదు. సేవలు ముగించే ముందు కనీసం రెండు రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలి. అందులోని గడువులోపల స్వతంత్ర సమీక్షకు అప్పీలు చేసుకోవచ్చు. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థ, ఇంగ్లీషు రాని తల్లిదండ్రుల కోసం దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అరవయ్యయిదేళ్ళు దాటి, గ్రీన్‌కార్డుతో అయిదేళ్ళు వరుసగా ఇక్కడ నివసించినవారు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. సందర్శకులుగా వచ్చినవారికి ఆ దారి లేదు.

హెన్రీ స్ట్రీట్ నర్సులు తలుపుతట్టిన ఇళ్ళూ వలస కుటుంబాలవే. ఆ ఇళ్ళలో దక్షత, అనురాగం ఒకే సంచీలో వచ్చేవి. నేటి చట్టం దక్షతకు గంటల లెక్కన కొలత పెట్టి, అనురాగాన్ని కుటుంబానికి వదిలింది. కుటుంబం వద్ద అది కొరతేమీ కాదు. కొరత ఉన్నది సమయానికీ, ఆ గీత ఎక్కడుందన్న ఎరుకకూ. శుశ్రూష అన్న మాటకు మూలార్థం వినాలనే కోరిక. రోగి ఇల్లు చేరకముందే, ఆస్పత్రి గదిలోనే, ఎవరు ఎన్నిసార్లు వస్తారో, ఎంతసేపు ఉంటారో, ఆ తరువాత ఎవరు చూడాలో అడిగి వినడం శుశ్రూషలో మొదటి పని.