లెక్క ఎవరికి చెప్పాలి? తెలుగు సినిమా వ్యాపారంలో సమాచార వ్యవస్థల చరిత్ర

ప్రస్తావన

వాణిజ్యశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి ‘నిర్వహణ సమాచార వ్యవస్థ’ అన్న పాఠం సాధారణంగా ఒక పటంతో మొదలవుతుంది. ఒక కొసన దత్తాంశం, నడుమ దాన్ని క్రమబద్ధం చేసే ప్రక్రియ, మరొక కొసన నిర్ణయానికి పనికివచ్చే సమాచారం. 1965లో రాబర్ట్ ఆంథొనీ నిర్వహణను వ్యూహరచన, నియంత్రణ, దైనందిన కార్యాచరణ అని మూడు స్థాయిలుగా విభజించాడు. ఆ విభజన నేటికీ ఈ పాఠానికి ఆధారం. ఈ పాఠానికి తోడు వచ్చే ఉదాహరణలు ఎక్కువగా పాశ్చాత్య కర్మాగారాలవి, విమానయాన సంస్థలవి.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో ఏర్పడి, తెలుగు మాధ్యమంలో వాణిజ్యశాస్త్రాన్ని బోధిస్తూ వచ్చిన నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జూబ్లీహిల్స్‌లో ఉంది. దానికి కూతవేటు దూరంలోని ఫిలింనగర్‌లో ఈ పాఠానికి సజీవమైన తెలుగు ఉదాహరణ ఉంది. అది సినిమా వసూళ్ల లెక్క. ఆ లెక్క నడిచిన చరిత్రను పరిశీలిస్తే పాఠ్యపుస్తకపు పటంలో లేని ఒక అంశం బయటపడుతుంది. సమాచార వ్యవస్థ స్వరూపాన్ని నిర్ణయించేది యంత్రం కాదు. ఎవరు ఎవరికి లెక్క చెప్పవలసి ఉన్నదో ఆ బాధ్యతే దాన్ని నిర్ణయిస్తుంది. ఈ ప్రతిపాదనను నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దినసరి వసూళ్ల నివేదిక

కంప్యూటర్ రాకముందే తెలుగు సినిమా వ్యాపారానికి పకడ్బందీ సమాచార వ్యవస్థ ఉండేది. దానికి మూలం ‘డి.సి.ఆర్.’ అని వ్యాపారులు పిలుచుకునే దినసరి వసూళ్ల నివేదిక. ఏ ఆటకు, ఏ తరగతిలో, ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు టిక్కెట్లు తెగాయో అందులో ఉంటుంది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్న తరగతులే ఆనాటి దత్తాంశ వర్గాలు. మొత్తం వసూలు ‘గ్రాస్’. పన్ను పోగా మిగిలింది ‘నెట్’. హాలు అద్దె, ఇతర ఖర్చులు పోగా పంపిణీదారుకు చేరేది ‘షేర్’. దత్తాంశం సమాచారంగా మారే క్రమాన్ని ఈ మూడు మాటలు చెప్పినంత స్పష్టంగా మరే నిర్వచనమూ చెప్పలేదు.

ఈ కాగితాన్ని ఒక మనిషి కాపలా కాసేవాడు. ప్రింటుతోపాటు పంపిణీదారు పంపే ‘రిప్రజెంటేటివ్’ హాలులో కూర్చుని తెగిన టిక్కెట్లను సరిచూసేవాడు. అయితే ఆ మనిషి అవసరం అన్నిచోట్లా ఒకేలా ఉండేది కాదు. అది ఒప్పందాన్ని బట్టి మారేది. హాలును నిర్ణీత అద్దెకు తీసుకున్నప్పుడు యజమానికి వసూలుతో పని లేదు, నష్టమైనా లాభమైనా పంపిణీదారుదే. శాతం పద్ధతిలో ఇద్దరికీ అంకె కావాలి. మినిమం గ్యారంటీలో హామీ ఇచ్చిన మొత్తం దాటిన తరవాతే నిర్మాతకు ఆ అంకెతో పని. హక్కులను గంపగుత్తగా అమ్మేసిన నిర్మాతకు లెక్క అడిగే హక్కే మిగలదు. తన చిత్రాన్ని ఎందరు చూశారో తెలుసుకునే మార్గాన్ని కూడా అతడు ఆ ధరలోనే కలిపి అమ్ముకున్నట్లు లెక్క. సమాచారం ఎటు ప్రవహించాలో ఒప్పందమే నిర్ణయించిందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఏరియాలు: చెరగని పద్దులు

ఈ లెక్కలను పోగుచేసే పద్దుల పేర్లలో చరిత్ర నిక్షిప్తమై ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలకు ‘దత్తమండలాలు’ అన్న పేరు వచ్చింది. 1928లో నంద్యాల సభలో ఆ అవమానకరమైన పేరును తోసిపుచ్చి ‘రాయలసీమ’ అన్న పేరు స్వీకరించారు. 1948లో నిజాం పాలన అంతరించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో విడిపోయింది. ఇన్ని మార్పుల తరవాత కూడా ఫిలింనగర్ కార్యాలయాల్లో వసూళ్లు ‘నైజాం’, ‘సీడెడ్’, ‘ఆంధ్రా’ అన్న పద్దుల కిందనే చేరుతున్నాయి.

దీన్ని కేవలం అలవాటుగా కొట్టివేయడం సరికాదు. ఏరియా అంటే హక్కులు అమ్ముడుపోయే ప్రమాణం. పాత చిత్రాల వసూళ్లతో కొత్త చిత్రాన్ని పోల్చి ధర కట్టాలంటే పద్దు మారకూడదు. పద్దు మారితే పోలిక తెగుతుంది, పోలిక తెగితే బేరానికి ఆధారం పోతుంది. ప్రజలు సభలో తిరస్కరించిన పేరును వ్యాపారం తన ఖాతాలో నిలుపుకోవడానికి కారణం ఇదే.

పన్ను మారితే అంకె మారింది

వసూళ్ల లెక్కను కోరే మూడో పక్షం ప్రభుత్వం. మద్రాసు రాష్ట్రంలో 1939లో వచ్చిన వినోదపు పన్ను చట్టం ప్రవేశ రుసుముపై పన్ను విధించింది. అంటే తెగిన ప్రతి టిక్కెట్టూ ప్రభుత్వానికి కావలసిన దత్తాంశమే. పంపిణీదారు మనిషి ఒకవైపు, పన్ను అధికారి మరొకవైపు అదే అంకెను తనిఖీ చేసే స్థితి ఉండేది.

1984 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి మారింది. హాలు నిండితే ఒక ఆటకు ఎంత వసూలు కాగలదో ఆ సామర్థ్యం మీద, హాలు తరగతిని, ఊరి స్థాయిని బట్టి పన్ను నిర్ణయించే విధానం అమలులోకి వచ్చింది. వ్యాపార వర్గాల్లో ఇది ‘స్లాబు విధానం’గా ప్రసిద్ధం. దీన్ని సవాలు చేసిన వేంకటేశ్వర థియేటర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఈ విధానాన్ని సమర్థించింది.

సమాచార చరిత్రలో ఇది పెద్ద మలుపు. హాలు నిండినా ఖాళీగా ఉన్నా పన్ను మారనప్పుడు, అసలు ఎన్ని టిక్కెట్లు తెగాయన్న ప్రశ్నతో ప్రభుత్వానికి పని తగ్గింది. నిజమైన వసూలుకు ఉన్న ఇద్దరు కాపలాదారుల్లో ఒకరు పక్కకు తప్పుకున్నారు. ఆ అంకె ప్రధానంగా ప్రైవేటు పక్షాల నడుమ విశ్వాసానికి, అనుమానానికి విషయమయింది. తరవాతి దశాబ్దాల్లో రేట్లు, వర్గాలు పలుమార్లు మారాయి. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చాక వంద రూపాయల లోపు టిక్కెట్టుకు 18 శాతం, ఆపై ధరకు 28 శాతం అని విధించారు. 2019 జనవరిలో అవి 12, 18 శాతాలకు తగ్గాయి. దీంతో అమ్ముడైన టిక్కెట్టే మళ్లీ ప్రభుత్వానికి ముఖ్య దత్తాంశమయింది.

ప్రేక్షకుల చేతిలో ఉన్న కొలత వేరు. వసూళ్ల లెక్కలు వారికి అందేవి కావు. అందువల్ల ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు ఆడిందన్నదే విజయానికి బహిరంగ ప్రమాణమయింది. గోడపత్రిక, వార్తాపత్రిక ప్రకటన ఎవరైనా సరిచూసుకోగల సాక్ష్యాలు. ఒకేసారి అసంఖ్యాకమైన హాళ్లలో విడుదల చేసే డిజిటల్ ప్రదర్శన వచ్చాక ఆట రోజులు కుదించుకుపోయాయి. రోజుల స్థానంలో కోట్ల అంకె గోడపత్రిక ఎక్కింది. ఆ అంకెను సరిచూసే సాధనం మాత్రం ప్రేక్షకుని చేతికి రాలేదు.

యంత్రం వచ్చాక

2003లో హైదరాబాదులో ప్రసాద్స్ వంటి మల్టీప్లెక్సులు, ఆపై ఆన్‌లైన్ టిక్కెట్ల అమ్మకం వచ్చాక అంకె క్షణాల్లో చేరుతోంది. కాని వేగం పెరిగినంత మాత్రాన వివాదం సమసిపోలేదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సినిమాల నియంత్రణ చట్టాన్ని సవరించి, ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఆన్‌లైన్ వేదిక ద్వారా టిక్కెట్లు అమ్మే ఏర్పాటుకు దారి వేసింది. పారదర్శకత, పన్ను ఎగవేత నివారణ ప్రభుత్వం చెప్పిన కారణాలు. తమ రాబడి, దాని లెక్క ప్రభుత్వం చేతుల మీదుగా సాగడంపై ప్రదర్శకులు అభ్యంతరం తెలిపారు. 2022 జులైలో హైకోర్టు దీని అమలుపై స్టే ఇచ్చింది. ఈ తగాదా సాంకేతికతను గురించినది కాదు. అంకె మొదట ఎవరి చేతికి చేరాలన్నదే అసలు ప్రశ్న.

నిర్వాహకులకు కొరత సమాచారం కాదనీ, అక్కరలేని సమాచారం మితిమీరి ఉండటమే వారి ఇబ్బంది అనీ రసెల్ ఎకాఫ్ 1967లోనే హెచ్చరించాడు. తెలుగు సినిమా అనుభవం దీనికి మరొక మాట చేరుస్తుంది. కావలసిన సమాచారం ఉన్నా, దాన్ని అడిగే హక్కు లేనివానికి అది లేనట్లే.

ముగింపు

పాఠ్యపుస్తకాలు స్వీకరించిన ‘దత్తాంశం’, ‘సమాచారం’ అన్న పదాలు శాస్త్రీయమైనవే. అయితే వాటికి ఎదుటి మనిషి లేడు. దత్తాంశం ఉంటుంది, సమాచారం అందుతుంది. తెలుగువాడి ‘లెక్క’ అలాంటిది కాదు. లెక్క అడుగుతారు, చెబుతారు, అప్పగిస్తారు, తేలుస్తారు. లెక్కచేయకపోవడమంటే మనిషిని ఖాతరు చేయకపోవడమే. గణనను, జవాబుదారీతనాన్ని ఒకే మాటలో ఇముడ్చుకున్న ఈ పలుకుబడి, ఫిలింనగర్ వసూళ్ల చరిత్ర చెప్పే పాఠాన్ని ముందే పట్టుకుంది. సమాచార వ్యవస్థలను తెలుగులో బోధించే పుస్తకం పరిభాషతోపాటు ఈ మాటనూ పాఠంలోకి తీసుకోవాలి. అప్పుడు విద్యార్థి పటంలోని బాణం గుర్తును చూసి ఆగిపోడు, ఆ బాణం ఎవరి వైపు తిరిగి ఉన్నదో అడుగుతాడు.