బ్లాక్‌వెల్ (విండర్‌మియర్)

బ్లాక్‌వెల్ వాయవ్య ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, బౌనెస్ ఊరికి దక్షిణాన, విండర్‌మియర్ సరస్సుకు ఎగువన గుట్ట మీదున్న పెద్ద ఇల్లు. మాంచెస్టర్‌లో బీరు వ్యాపారం చేసిన ఎడ్వర్డ్ హోల్ట్ సెలవుల్లో కుటుంబంతో గడపడానికి దీన్ని కట్టించాడు. వాస్తుశిల్పి మెకే హ్యూ బెయిలీ స్కాట్ (1865–1945). పని 1898లో మొదలై 1900లో పూర్తయింది. యంత్రాల సరుకును కాదని చేతిపనికి పెద్దపీట వేసిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమపు ఇళ్లలో దీనికి మంచి పేరుంది. ఆలోచిస్తే అది కాస్త చిత్రమే: ఫ్యాక్టరీల నగరంలో గడించిన డబ్బే ఆ చేతిపనికి కూలి చెల్లించింది.

సరస్సు పడమట ఉంటే ముఖ్యమైన గదులు దక్షిణానికి తిరిగి ఉంటాయి. అంతటి దృశ్యాన్ని పక్కకు నెట్టడం వింతగా తోస్తుంది గానీ, ఎప్పుడూ ముసురు పట్టే ఆ ప్రాంతంలో ఎండే కరువు. నీళ్లు చూడాలంటే పొడవాటి నడవా చివరి తెల్ల డ్రాయింగ్ రూముకు వెళ్లాలి. అక్కడ ఫైర్‌ప్లేస్ దగ్గరి సన్నటి స్తంభాల తలల మీద ఆకులు, పండ్లు, పిట్టలు చెక్కి ఉంటాయి. తలుపు పిడులు సైతం ఆకు ఆకారంలోనే. పెద్ద హాలు ఇందుకు పూర్తిగా భిన్నం: నల్లటి కలప, గోడ పైభాగాన నెమళ్ల బొమ్మల పట్టీ, ఫైర్‌ప్లేస్‌ను ఆనుకుని గోడలోకి ఒదిగిన కూర్చునే చోటు. హోల్ట్ వంశచిహ్నంలోని రోవన్ చెట్టు కొమ్మలు, పండ్లు ఇంటి అలంకరణలో పదేపదే కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లివర్‌పూల్ నుంచి తరలివచ్చిన హైటన్ కాలేజీ బాలికల పాఠశాల ఇందులో నడిచింది. యుద్ధానంతరం కూడా 1976 వరకు ఇది బడిగానే ఉంది. ఆ తర్వాత ప్రకృతి పరిరక్షణ శాఖ కార్యాలయమైంది. విడి సామాను చాలావరకు చెదిరిపోయింది. అయినా ఇల్లు కళ తప్పలేదంటే, బెయిలీ స్కాట్ అందాన్ని కుర్చీలూ బల్లల్లో కాకుండా గోడల్లో, కిటికీల్లో, చెక్క పలకల్లో కూర్చడమే కారణం. బడి పిల్లలు, గుమాస్తాలు మోసుకుపోలేని చోట్ల అది మిగిలింది.

1999లో లేక్‌ల్యాండ్ ఆర్ట్స్ ట్రస్ట్ ఇంటిని కొని, మరమ్మతులు చేయించి 2001లో జనానికి తెరిచింది. చారిత్రక కట్టడాల జాబితాలో దీనిది అత్యున్నతమైన మొదటి శ్రేణి. మేడ మీది గదుల్లో కళా ప్రదర్శనలు జరుగుతాయి. కింది గదుల్లో తాళ్లు కట్టి అడ్డుపెట్టరు. చూడవచ్చినవాళ్లు కిటికీ అరుగుల మీద, ఫైర్‌ప్లేస్ పక్కన కూర్చోవచ్చు.