పుట్టింటి అమ్మకంలో ఆడపిల్ల సంతకం

చల్లపల్లి రాజావారి ఆస్తి అన్నదమ్ములందరిదా, గద్దె మీద ఉన్న ఒక్కరిదా అన్న తగువు పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ దాకా వెళ్ళింది. యార్లగడ్డ మల్లికార్జున, యార్లగడ్డ దుర్గ ఆ వ్యాజ్యంలో ఎదురెదురు కక్షిదారులు. చల్లపల్లివారి దేవరకోట జమీందారీని పంచడానికి వీల్లేదని 1890లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. గద్దె ఒకరిది, మిగిలినవాళ్ళకు మనోవర్తి.

పంచకూడని ఆస్తిని ఆ ఒక్కరూ అమ్మేసుకుంటే? అమ్ముకోవచ్చనే 1888లో ఒక ఉత్తరాది కేసులోనూ, 1899లో పిఠాపురం కేసులోనూ అదే ప్రివీ కౌన్సిల్ చెప్పింది. దాంతో జమీందారీ కుటుంబాల్లో గుబులు పుట్టింది. ఒక తరం దుబారా చేస్తే తర్వాతి తరానికి కోటగోడ కూడా మిగలదు మరి. అందుకే మద్రాసు ప్రభుత్వం 1904లో చట్టం తెచ్చి, తన జీవితకాలాన్ని మించి చెల్లేలా ఆస్తిని అన్యాక్రాంతం చేసే అధికారాన్ని జమీందారుకు బాగా కుదించింది.

కోట బయట కథ వేరు. దివిసీమలోనైనా, గుడివాడ వైపైనా రైతు పోతే ఇల్లు కొడుకులందరిదీ. పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేసేవారు. ఓపిక ఉన్నవాళ్ళు పారీఖత్తు రాయించుకునేవారు, లేనివాళ్ళకు మాటే దస్తావేజు. ఇంటి మధ్యలో గోడ లేచేది, రెండో పొయ్యి వెలిగేది. ఒక తమ్ముడు తన వాటాను పరాయివాడికి అమ్మినా, ఆ కొన్నవాడు వచ్చి ఆ ఇంట్లో కాపురం పెట్టడానికి ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకోదు. అతను విభజన కోసం దావా వేస్తే, ఆ వాటాను కోర్టు కట్టిన వెలకు ఇంటివాళ్ళే తీసుకునే వీలు 1893 నాటి విభజన చట్టం కల్పించింది. నలుగురు కాపురం ఉన్న ఇంటిని పొలంతో సమానంగా చూడకూడదని ఆనాటి చట్టకర్తలకు తెలుసు.

కానీ ఆ నలుగురిలో ఆడపిల్ల లేదు. పెళ్ళిలో పసుపుకుంకుమల కింద పొలం రాసిచ్చిన ఇళ్ళు డెల్టాలో చాలానే ఉన్నాయి. పుట్టింటి కప్పు కింద వాటా మాత్రం ఊహకు కూడా రాని మాట. 1937 చట్టం భర్త పోయిన స్త్రీకి కొంత హక్కు ఇచ్చింది, అదీ ఆమె బతికినంతకాలమే. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురిని వారసురాలిగా గుర్తించినా, 23వ సెక్షన్‌తో గుమ్మం దగ్గర ఆపేసింది. మగ వారసులు ఇల్లు పంచుకుంటే తప్ప ఆమె తన వాటా వేరుచేయమని అడగకూడదు. పెళ్ళి కానిదో, భర్త వదిలేసిందో, వితంతువో అయితే ఆ ఇంట్లో ఉండనిచ్చారు. మిగతా ఆడపిల్లలకు అదీ లేదు. కాగితం మీద హక్కు, చేతిలో శూన్యం. దీన్ని సంప్రదాయం పేరుతో సమర్థించడం కష్టం.

ఆ గుమ్మాన్ని కదిలించిన మనిషి ఈ ప్రాంతం వాడే. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఆ 1956 చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు ఇది వర్తించకపోవడం పెద్ద లోటు. ఆ రోజుకు ముందు పీటలెక్కిన అక్కకు లేని హక్కు, ఇంకా పెళ్ళికాని చెల్లెలికి దక్కింది. దేశమంతటికీ 2005 సవరణ వచ్చాక ఆ తేడా పోయింది, 23వ సెక్షనూ పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్న చిక్కును 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో విప్పింది. ఆయన ఎప్పుడు పోయినా కూతురి హక్కు నిలుస్తుందని తేల్చింది.

వీలునామా ఉంటే దారి మారుతుంది. చల్లపల్లిలో ఉన్న ఇంటికి అక్కడే హిందువు రాసిన వీలునామాకు ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. అదే మనిషికి మద్రాసు నగరంలో మరో ఇల్లు ఉంటే దానికి 2025 దాకా కావాల్సి వచ్చేది. వీలునామా ఆ నగరంలో రాసినా, అక్కడి ఇంటి గురించి బయట రాసినా ప్రొబేట్ తప్పేది కాదు. 1870 సెప్టెంబరు 1 తర్వాతి వీలునామాలకు మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ బెంగాల్‌లోనూ పెట్టిన నియమం ఇది. మద్రాసులో స్థిరపడిన కృష్ణాజిల్లా కుటుంబాలు ఒకే తండ్రి ఆస్తికి రెండు పద్ధతులు పాటించాల్సి వచ్చింది. ప్రొబేట్ నడుస్తుండగా ఇల్లు కొనాలనుకునేవాడు ముందు చూడాల్సింది అమ్మేవాడి హోదా. వీలునామాలో పేరున్న నిర్వాహకుడికి అమ్మే అధికారం విస్తారం. కోర్టు నియమించిన నిర్వాహకుడు మాత్రం ముందస్తు అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు. ప్రొబేట్‌ను తప్పనిసరి చేసిన ఆ నియమాన్నే 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది.

దివిసీమలో వారసత్వపు చిక్కును పెంచిన గాయం మరొకటి ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది పోయారు. తండ్రీ కొడుకులు ఒకే రాత్రి పోతే ఎవరి తర్వాత ఎవరు వారసులు? వేరే రుజువు లేనప్పుడు చిన్నవాళ్ళే తర్వాత పోయినట్టు భావించాలంటుంది 1956 చట్టం. ఆ ఒక్క వాక్యంతో ఇంట్లో ఎవరికి ఎంత వాటా అన్నది మారవచ్చు. నీళ్ళలో కాగితాలు పోయినచోట ఆ మాట విలువ ఇంకా ఎక్కువ.

ఇప్పుడు గ్రామకంఠంలోని ఇల్లు అమ్మాలంటే లింకు డాక్యుమెంట్లు దొరకడమే కష్టం. పంచాయతీ పన్ను రసీదులు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) వెతుక్కుంటారు. అమెరికాలో ఉన్న వారసులు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపితే, అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు చేయించాలి. వీలునామా కొడుకు పేరునే ఉన్నా, జాగ్రత్తపరుడైన కొనుగోలుదారు కూతుళ్ళను కూడా రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మంటాడు. వీలునామాపై వివాదం వస్తే సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో బతికున్న ఒకరినైనా బోనెక్కించాలని అతనికి తెలుసు.