లష్కర్ రోడ్ల మీద స్టీరింగ్ సరదా

విద్యుత్ కార్లు వచ్చి డ్రైవింగ్‌లో మజా లేకుండా చేశాయన్న మాట కారు ప్రియుల నోట తరచూ వినిపిస్తోంది. ఇంజను చప్పుడు లేదు, గేర్లు లేవు, కాలు ఆనిస్తే బండి సాగిపోతుంది, ఇక మనం నడిపేదేముంది అన్నది వారి ఫిర్యాదు. సికింద్రాబాద్ రోడ్ల చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్తే మాత్రం అసలు దొంగను వదిలేసి మరొకరిని పట్టుకున్నామనిపిస్తుంది. ఇక్కడ సొంతదారు తన బండిని తానే నడుపుకుంటూ ఆనందించిన కాలం మనం ఊహించుకునేంత పొడుగైనది కాదు. అది ముగిసేనాటికి విద్యుత్ కారు ఇంకా మన వీధుల్లో పెద్దగా కనిపించనేలేదు.

నిజాంతో బ్రిటిష్‌వారు చేసుకున్న 1798 నాటి సైన్య సహకార సంధి తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగిన పటాలాల చుట్టూ పెరిగిన ఊరు ఇది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు వచ్చింది గానీ జనం దృష్టిలో ఇది లష్కరే. దండు కవాతుకూ గుర్రపు బగ్గీలకూ వేసిన వీధులు కాబట్టి పాతబస్తీ గల్లీల కంటే ఇవి వెడల్పు, పైగా తిన్నన. నేటి మహాత్మా గాంధీ రోడ్డయిన జేమ్స్ స్ట్రీట్, రాష్ట్రపతి రోడ్డయిన కింగ్స్‌వే మోటారుకు చక్కగా అమరాయి. అయినా కారున్నవాడు వేరు, కారు నడిపేవాడు వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఆయన పోయాక 1912లో గానీ తయారై రాలేదు. దాని వైభవమంతా సింహాసనంలా ఎత్తుగా అమర్చిన వెనక సీటులోనే ఉంది. స్టీరింగ్ పట్టుకోవడం జీతగాడి పని. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయ్యాక కూడా సామాన్యుడికి మోటారంటే టికెట్ కొనుక్కుని ఎక్కేదే. తర్వాతి రోజుల్లో సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు వెళ్లిన 7జెడ్ డబుల్ డెక్కర్‌లో మేడ మీద ముందు సీటు దొరికితే అదే పండగగా ఉండేది.

ఆ రోల్స్ రాయిస్ వచ్చిన 1912లోనే అమెరికాలో మరో సంగతి జరిగింది. కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్ స్టార్టర్ అమర్చాడు. అంతకుముందు పెట్రోలు బండిని హ్యాండిల్ తిప్పి లేపాల్సి వచ్చేది, అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఆ బెడద లేదనే చాలామంది విద్యుత్ కార్లు కొన్నారు. వేగానికీ లోటు లేదు: గంటకు 100 కిలోమీటర్లు మొట్టమొదట దాటింది 1899లో బెల్జియం వాడు కమీల్ జెనాట్సీ నడిపిన విద్యుత్ బండే. స్టార్టర్ వచ్చాక, పెట్రోలు చవకయ్యాక ఆ కార్లు తెరమరుగయ్యాయి. అంటే పెట్రోలు కారు గెలిచింది మజా ఎక్కువని కాదు, తిప్పలు తక్కువని. పైగా దాన్ని గెలిపించింది ఓ చిన్న విద్యుత్ మోటారు!

మన దగ్గర సొంత డ్రైవింగ్ ఒక సరదాగా ఇంటింటికీ చేరింది స్కూటర్లతోనూ, ఆ తర్వాత మారుతి 800తోనూ. 1957 నుంచి వచ్చిన అంబాసిడర్‌కు స్టీరింగ్ తిప్పాలంటే భుజబలం కావాలి. బజాజ్ చేతక్‌కు ఏళ్ల తరబడి క్యూ. హైదరాబాద్ ఆల్విన్ తన పుష్పక్ స్కూటర్‌ను తెచ్చింది కూడా ఆ కొరత రోజుల్లోనే. 1983 డిసెంబరులో మొదలైన మారుతి తేలికైన క్లచ్‌తో, చిన్న ఒడ్డూపొడుగుతో డ్రైవర్ అవసరం లేకుండా చేసింది. మారేడుపల్లి నుంచి ట్యాంక్‌బండ్ దాకా గాలి తగులుతూ సాగిపోవడం ఒక సాయంకాలపు కాలక్షేపమైంది. 1991 తర్వాత అప్పులు సులువయ్యాయి, బండ్లు పెరిగాయి, రోడ్లు మాత్రం దండు కాలానివే. కంటోన్మెంట్‌లో సైనికాధికారులు కొన్ని దారులు మూశారు. తెరవమని 2018లో రక్షణ శాఖ ఆదేశించాక కూడా ఆ వివాదం తేలలేదు. పారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డుకు, శామీర్‌పేటకు ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో గానీ శంకుస్థాపన జరగలేదు. ఈలోపు డ్రైవింగంటే క్లచ్ తొక్కి వదలడమే అయిపోయింది. 2014లో సెలేరియో కారుతో చవక ఆటోమేటిక్ గేర్లు రాగానే జనం వాటివైపు మొగ్గారు. నెక్సాన్ విద్యుత్ కారు వచ్చింది 2020లో. గేరు రాడ్డును జనం అంతకు చాలా ముందే వదులుకోవడం మొదలుపెట్టారన్నమాట.

ఔటర్ రింగ్ రోడ్డు సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. 158 కిలోమీటర్లు, 120 వేగానికి అనుమతి. అక్కడ మంచి పెట్రోలు ఇంజను పాట, గేరు మార్చే ఒడుపు నిజమైన ఆనందమే, కాదనను. బ్యాటరీ బరువు వల్ల విద్యుత్ కారు మలుపుల్లో ఆ చురుకు చూపదు. కానీ మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఆగి కదిలే ప్యాట్నీ సెంటర్లో ఈ రెండూ ఎక్కువ పనికొస్తాయి. మన కరెంటులో చాలాభాగం బొగ్గుదేనన్నది నిజమే, అయినా పొగ వీధిలో ఊపిరి ఎత్తు దగ్గర వెలువడదు. నిప్పు భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేం. 2022 సెప్టెంబర్ 12న ఈ ఊళ్లోనే సెల్లార్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. బ్యాటరీ నిబంధనలను ఆ డిసెంబర్ నుంచి కట్టుదిట్టం చేశారు. గాలి ఆడని సెల్లార్లలో బండ్లు కుక్కే అలవాటు మారనిదే ఆ నిబంధనలు సగం మందే.

నిజంగా పోతున్నది వేరే ఉంది. రాణిగంజ్‌లో స్పేర్ పార్టు వెతికి తెచ్చుకోవడం, మెకానిక్ చెవి పెట్టి చప్పుడు విని రోగం చెప్పడం, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేసుకోవడం: బండితో అనుబంధంలో సగం ఇదే. సాఫ్ట్‌వేర్‌తో బిగించిన కారు కంపెనీ వర్క్‌షాపుకు తప్ప ఎవరికీ లొంగదు. ఇంజెక్షన్ ఇంజన్లతోనే మొదలైన ఈ ధోరణిని విద్యుత్ కార్లు ముదరబెట్టాయి. విడిభాగాలూ రిపేరు సమాచారమూ బయటి మెకానిక్‌లకు అందేలా చట్టం రావాలని కారు ప్రియులు పోరాడితే అర్థముంది; చప్పుడు కోసం పోరాడితే లేదు.

తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపును 2024 నవంబర్ ఉత్తర్వు 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చింది. కొనాలనుకునేవారు షోరూం వాళ్లు ఖాళీ రోడ్డు మీద ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌తో సరిపెట్టుకోవద్దు. సాయంత్రం ఆరింటికి పారడైజ్ నుంచి బోయినపల్లి దాకా రెండు రకాల బండ్లూ నడిపి చూసి అప్పుడు బేరమాడండి.